జంతికల గొట్టంలో కార్బన్ పోగు

పండక్కి జంతికలు వత్తేటప్పుడు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? గొట్టంలో పిండి పెట్టి పైనుంచి నొక్కుతాం. అడుగున ఉన్న చిల్లుల బిళ్లలోంచి పిండి తీగలా దిగుతుంది. చెయ్యి గుండ్రంగా తిప్పితే చుట్టు పక్కన చుట్టు పడుతుంది. ఒక ఇంట్లో వాటిని జంతికలంటారు, ఇంకో ఇంట్లో మురుకులంటారు, మరో ఇంట్లో చక్రాలంటారు. పేరేదైనా పద్ధతి ఒకటే. ఇప్పుడు ఆ గొట్టాన్ని తిప్పే చెయ్యి కంప్యూటరుది అనుకోండి. పిండికి బదులు కరిగిన ప్లాస్టిక్ అనుకోండి. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు, ఒక పొర మీద ఇంకో పొర పేర్చుకుంటూ పోతే గిన్నె కావాలంటే గిన్నె, గేరు చక్రం కావాలంటే గేరు చక్రం. త్రీడీ ప్రింటర్ అంటే ఇంతే!

ఇంకో సంగతి కూడా మీకు తెలిసిందే. జంతికను వేళ్లతో నొక్కితే చుట్టుకీ చుట్టుకీ మధ్య అతుకు దగ్గరే ముందు ఊడుతుంది. త్రీడీ ప్రింటర్‌కి ఉన్న పెద్ద తలనొప్పి కూడా సరిగ్గా అదే. బొమ్మలకీ, ఫోను స్టాండ్లకీ ఫర్వాలేదు. విమానం ముక్కకో, నడవలేని పిల్లవాడి కాలి పట్టీకో అయితే? అందుకే గత పదేళ్లుగా ఇంజినీర్లు ప్లాస్టిక్‌లో పోగులు కలిపి ముద్రించే పనిలో పడ్డారు. ఉక్కుతో పోటీపడే కార్బన్ పోగులు! ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నదే ఈ వారం ముచ్చట.

చెక్కడం కాదు... పేర్చడం!

శిల్పి ఏం చేస్తాడు? రాయి తీసుకుని, అక్కర్లేనిదంతా చెక్కేస్తాడు. వడ్రంగీ అంతే, లేతు మిషను మీద పనిచేసే ఫిట్టరూ అంతే. పూర్తయిన వస్తువు పక్కనే పొట్టూ, రజనూ కుప్ప పడి ఉంటాయి. త్రీడీ ప్రింటింగ్ దీనికి తిరగమరక. ఏమీ లేని చోట మొదలుపెట్టి, కావలసినంతే పేరుస్తుంది. చెదపురుగులు పుట్ట కట్టినట్టన్నమాట.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. జపాన్‌లోని నగోయాలో హిదియో కొదామా అనే పరిశోధకుడు, కాంతి తగిలితే గట్టిపడే ద్రవంతో పొరలు పొరలుగా వస్తువు చేయవచ్చని 1981లోనే ప్రకటించారు. అమెరికాలో చార్లెస్ హల్ అదే దారిలో 1984లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1986లో అది చేతికొచ్చింది. మన జంతికల గొట్టం పద్ధతి మాత్రం స్కాట్ క్రంప్‌ది. 1988లో ఆయన తన కూతురికి బొమ్మ కప్ప చేసిపెడదామని, జిగురు తుపాకీలో ప్లాస్టిక్‌నీ కొవ్వొత్తి మైనాన్నీ కలిపి పొరలుగా పోశారట. అందులోంచే స్ట్రాటసిస్ అనే కంపెనీ పుట్టింది. 2009లో ఆ పేటెంటు గడువు తీరింది. అప్పటికే ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో మొదలుపెట్టిన రెప్‌రాప్ ప్రాజెక్టు, ఎవరికి వారు ప్రింటర్ తయారుచేసుకునే దారి చూపించింది. గడువు తీరడమే తరువాయి... లక్షల రూపాయల యంత్రం బడి పిల్లల బల్ల మీదికి వచ్చేసింది.

మట్టిలో గడ్డి కలిపినట్టు

మరి ఈ పోగుల సంగతేమిటి? దానికి మన పాత ఇళ్ల గోడ చూస్తే చాలు. వట్టి మట్టితో గోడ పెడితే ఎండకు బీటలు వారుతుంది. అందుకే మట్టిలో గడ్డి తరిగి కలిపి తొక్కేవారు. మట్టి బరువు మోస్తుంది, గడ్డి బీటను సాగనివ్వదు. ఒకదాని లోపం ఇంకోటి కప్పుతుంది. ఇలా రెండు వేరువేరు పదార్థాలు కలిసి, విడివిడిగా లేని బలాన్ని తెచ్చుకుంటే దాన్ని కాంపోజిట్ అంటారు. తెలుగులో మిశ్రమ పదార్థం అనుకుందాం. వెదురూ అదే, మన ఎముకలూ అవే.

కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్ల పొణికి కర్రతో ఒళ్లు చెక్కుతారు. ముక్కూ చెవులూ చేతివేళ్లూ తీర్చడానికి మక్కు వాడతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. జిగురొకటి, పీచొకటి. కర్ర మీద ముద్దను కొద్దికొద్దిగా పెట్టి ఆకారం తెస్తారు. మిశ్రమ పదార్థాన్ని పేర్చి వస్తువు చేయడం మన కళాకారులకు తరాలుగా తెలిసిన విద్యేనన్నమాట!

ఇవాళ్టి మిశ్రమ పదార్థాల్లో రాజు కార్బన్ పోగు. 1880 ప్రాంతంలో ఎడిసన్ వెదురు పీచును మాడ్చి బల్బులో తీగగా వాడాడు. అదీ కార్బన్ పోగే కానీ బలం లేదు. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ అసలైన బలమున్న పోగు చూపించాడు. ఆ తర్వాత జపాన్‌లో అకియో షిందో పాలీఆక్రిలోనైట్రైల్ అనే పదార్థంతో చేసే మార్గం కనిపెట్టాడు. పేరు నోరు తిరగకపోయినా, అది స్వెట్టర్లకు వాడే ఆక్రిలిక్ ఉన్నికి దగ్గరి చుట్టమే. ఆ దారాన్ని ముందు గాలిలో, తర్వాత గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే కార్బన్ మాత్రమే మిగులుతుంది. పోగు మందం మన వెంట్రుకలో పదో వంతు. దాన్ని జిగురులాంటి రెజిన్‌లో పొదిగితే తయారయ్యే పలక బరువు, అంతే పరిమాణం ఉన్న ఉక్కు బరువులో దాదాపు ఐదో వంతు.

2011లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టిన బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి పదార్థాలదే. మన తేజస్ యుద్ధ విమానం ఒంటి బరువులోనూ వీటి వాటా దాదాపు 45 శాతం.

ఇంత మంచి పదార్థం మన ఇంటి దాకా ఎందుకు రాలేదంటారా? తయారీ కష్టం కనుక. ముందు అచ్చు కావాలి. దాని మీద రెజిన్ పట్టించిన కార్బన్ గుడ్డను ఒక్కో పొరా ఒక్కో దిక్కుకు తిప్పి పరవాలి. సంచిలో మూసి గాలి పీల్చేయాలి. ఆపైన ఆటోక్లేవ్ అనే పొయ్యిలో పెట్టాలి. అదో పెద్ద ప్రెషర్ కుక్కర్. కాకపోతే కొన్నిట్లో విమానం రెక్కే పడుతుంది. వందల డిగ్రీలకు కాస్త అటూఇటూ వేడి, దాంతోపాటు మామూలు గాలికి అనేక రెట్ల ఒత్తిడి. ఆకారం కొంచెం మారినా అచ్చు మళ్లీ చేయాల్సిందే. వంద విమానాలకైతే గిట్టుబాటవుతుంది. ఒక్క మనిషి కాలికైతే ఎలా గిట్టుబాటవుతుంది?

అచ్చు అక్కర్లేని ప్రింటర్ ఇక్కడ రంగంలోకి వస్తుంది.

పొడి పోగు... నిండు పోగు

పోగును ప్రింటర్‌లోకి ఎక్కించే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది తేలిక. కార్బన్ పోగును మిల్లీమీటరులో పదో వంతు ముక్కలుగా నలగ్గొట్టి ప్లాస్టిక్‌లో కలిపేయడమే. జంతికల పిండిలో వామూ నువ్వులూ కలిపినట్టు. ఈ ముక్కలు సన్నటి నాళంలోంచి బయటికొచ్చేటప్పుడు, వాగులో కొట్టుకుపోయే పుల్లల్లా, ప్రవాహం వెంట వరస తీరుతాయి. గీత గీసిన దిక్కున బలం పెరుగుతుంది.

వీటితో ఇంకో మేలు కూడా ఉంది. వేడి ప్లాస్టిక్ చల్లారుతూ ముడుచుకుంటుంది. చిన్న వస్తువైతే తెలియదు. పది అడుగులదైతే అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. కార్బన్ పోగు వేడికి పెద్దగా సాగదు, చల్లారితే ముడుచుకోదు. అందువల్ల కార్బన్ కలిపిన ప్లాస్టిక్ నిలకడగా ఉంటుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఈ కిటుకుతోనే గది పరిమాణం ఉన్న వస్తువులను ముద్రించగలిగింది. 2014 సెప్టెంబరులో షికాగో యంత్ర ప్రదర్శనలో లోకల్ మోటార్స్ అనే కంపెనీ స్ట్రాటి అనే కారు ఒంటిని జనం చూస్తుండగా 44 గంటల్లో ముద్రించింది. మోటారూ, చక్రాలూ, వైర్లూ బయటివే లెండి. బిగించాక అది నడిచింది కూడా.

2016లో ఓక్ రిడ్జ్ వారే బోయింగ్ 777ఎక్స్ రెక్కల పనికి ఒక పనిముట్టు ముద్రించారు. రెక్క పలకకు రంధ్రాలు చేసేటప్పుడు, అంచులు కత్తిరించేటప్పుడు దాన్ని కదలకుండా పట్టుకునే పీఠం అది. పొడవు 17.5 అడుగులు, బరువు దాదాపు 750 కిలోలు. 30 గంటల్లో అయిపోయింది. లోహంతో చేయిస్తే మూడు నెలలు పట్టేదట! ముద్రించిన ఏకఖండ వస్తువుల్లో అప్పటికి అదే అతి పెద్దదని గిన్నిస్ వారు రికార్డు ఇచ్చారు. 2019లో మెయిన్ విశ్వవిద్యాలయం 25 అడుగుల పడవను 72 గంటల్లో ముద్రించి రికార్డును ఇంకా ముందుకు జరిపింది.

రెండో దారి కష్టం, కానీ అసలు బలం అందులోనే ఉంది. పోగును ముక్కలు చేయకుండా, సూదిలోంచి దారం వచ్చినట్టు నిండుగా పరచడం. మార్క్‌ఫోర్జ్‌డ్ అనే అమెరికా కంపెనీ 2014లో ఇలాంటి యంత్రాన్ని చూపించింది. దానికి రెండు నాళాలు. ఒకటి ప్లాస్టిక్‌తో ఒళ్లు కడుతుంది. రెండోది ఎక్కడ బలం పడుతుందో అక్కడ మాత్రమే కార్బన్ దారాన్ని పరిచి, అవసరం తీరగానే కత్తిరిస్తుంది. చీర మొత్తానికి జరీ నేయరు కదా, అంచుకీ కొంగుకీ నేస్తారు. ఇదీ అంతే. ఖరీదైన పోగు కావలసిన చోటే పడుతుంది. అచ్చులో గుడ్డ పరిచే పద్ధతిలో ఇంత పొదుపుగా, ఇంత వంకరగా పోగును నడపడం కష్టం.

2020 మేలో చైనా ప్రయోగించిన కొత్త వ్యోమనౌక ఇంకో అడుగు ముందుకేసింది. మనుషుల్లేని ఆ నౌకలో పెట్టిన ప్రింటర్, భూమి చుట్టూ తిరుగుతూనే నిండు కార్బన్ పోగుతో నమూనాలు ముద్రించింది. ఏదో ఒక రోజు ఉపగ్రహాల భాగాలను అక్కడే చేసుకోవాలన్నది ఆలోచన.

ప్రకృతిని చూసి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. బాల్సా అనే చెట్టు కర్ర దూదిలా తేలిక, అయినా వంగదు. లోపలంతా గోడలు కట్టిన గదుల్లా ఉండటమే కారణం. హార్వర్డ్‌లో జెన్నిఫర్ లూయిస్, బ్రెట్ కాంప్టన్ 2014లో కార్బన్ పోగు ముక్కలు కలిపిన రెజిన్‌తో అలాంటి తేనెపట్టు గదులనే ముద్రించారు. ఆ గదుల గోడల్లో పోగులు ఏ దిక్కుకు పడుకోవాలో కూడా వాళ్లే నిర్ణయించారు.

అతుకు దగ్గర అసలు పరీక్ష

ఇంతవరకు చదివి, రేపటి నుంచి విమానాలు ముద్రించేస్తారు కాబోలు అనుకోకండి. జంతిక అతుకు ఇంకా ఊడుతూనే ఉంది.

ప్రింటర్ పోగును పొర వెంబడి పరుస్తుంది. పొరకీ పొరకీ మధ్య పోగు లేదు. అక్కడ పట్టి ఉంచేది వట్టి ప్లాస్టిక్కే. అదీ కింది పొర చల్లారిపోయాక పై పొర పడితే సరిగ్గా కలవదు. కాబట్టి అడ్డంగా లాగితే ఉక్కులా నిలిచే ముక్క, పొరలు విడిపోయేలా నిలువుగా లాగితే బిస్కెట్‌లా విరగవచ్చు. గీతకీ గీతకీ మధ్య కంటికి కనిపించని గాలి గుల్లలు కూడా మిగిలిపోతాయి. విమాన భాగాల్లో ఇలాంటి గుల్లలు ఒకటి రెండు శాతం దాటితే ముక్కను పక్కన పడేస్తారు. ఆటోక్లేవ్ అంత ఒత్తిడి పెట్టేది ఆ గుల్లల్ని నలిపేయడానికే. ప్రింటర్ నాళానికి అంత బలం ఎక్కడిది? పోగుల పరిమాణమూ అంతే. విమాన భాగాల్లో దాదాపు 60 శాతం పోగులుంటాయి. ప్రింటర్‌లో వచ్చినవాటిలో మామూలుగా అంతకన్నా బాగా తక్కువ. పైగా కార్బన్ పోగును గట్టిగా మలిస్తే విరుగుతుంది. చిన్న మూలల్లో తిప్పలేరు.

పరిశోధకులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కింది పొరను పరారుణ దీపంతోనో, లేజర్‌తోనో మళ్లీ వెచ్చబెట్టి ఆ పైన కొత్త పొర వేస్తున్నారు. చిన్న రోలరుతో వెంటవెంటనే అదుముతున్నారు. ముద్రించాక ముక్కను మళ్లీ వేడి అచ్చులో నొక్కుతున్నారు. రోబో చేతికి నాళం బిగించి, బల్లపరుపు పొరలకు బదులు వంపు తిరిగిన పొరలు వేయిస్తున్నారు. ఆ తర్వాత అల్ట్రాసౌండుతో, ఎక్స్‌రే స్కానుతో లోపల పగులేమైనా ఉందా అని చూస్తున్నారు. మనిషి కడుపుకు చేసే పరీక్షలే ముక్కకూ చేస్తున్నారన్నమాట. అయినా ప్రయాణికుల విమానంలో రెక్కలాంటి ప్రాణాధారమైన భాగాలు ఇవాళ్టికీ పాత పద్ధతిలోనే, ఆటోక్లేవుల్లోనే తయారవుతున్నాయి. ప్రింటర్ ఎక్కువగా నెగ్గింది పీఠాలు, పట్టుకొమ్ములు, బిగింపులు, నమూనాల దగ్గర.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ప్రింటర్ నిదానం. ప్లాస్టిక్ బకెట్ అచ్చులో పోస్తే నిమిషం పట్టదు. ముద్రించాలంటే గంటలు. ఒకేలాంటివి లక్ష కావాలంటే అచ్చే మేలు. ఒక్కొక్కటి ఒక్కోలా ఉండాల్సినవాటికే ప్రింటర్. ఈ తేడా మరిచినవాళ్లు దెబ్బతిన్నారు. 44 గంటల కారుతో ప్రపంచం దృష్టిని ఆకట్టుకున్న లోకల్ మోటార్స్ 2022లో మూతపడింది. మార్క్‌ఫోర్జ్‌డ్ కూడా 2025లో వేరే కంపెనీ చేతుల్లోకి వెళ్లింది. విద్య నిలబడింది, వ్యాపారాలే తడబడ్డాయి.

మూడు కిలోల కాలు... మూడు వందల గ్రాములు

ఒక్కొక్కటి ఒక్కోలా ఉండాల్సిన వస్తువు ఏదంటే ముందు గుర్తొచ్చేది మనిషి ఒళ్లే. ఇక్కడ మన హైదరాబాదు కథ ఒకటి చెప్పుకోవాలి. అబ్దుల్ కలాం గారు తన ప్రసంగాల్లో పదేపదే తలచుకున్న కథ ఇది. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని, నిమ్స్ ఆస్పత్రి నుంచి వచ్చిన ఎముకల డాక్టరొకరు చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. కలాం గారిని తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో వంటి జబ్బులతో కాళ్లు చచ్చుబడిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప పట్టీలతో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో శాస్త్రవేత్తలు 300 గ్రాముల పట్టీలు చేసిచ్చారు. పిల్లలు పరుగెత్తారు. తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు తిరిగాయి. తన జీవితంలో మరపురాని ఆనందాల్లో అదొకటని ఆయన చెప్పుకునేవారు.

ఆ కథలో ఒక ప్రశ్న మిగిలి ఉంది. పిల్లవాడు పెరుగుతాడు. నిరుడు సరిపోయిన పట్టీ ఈ ఏడు బిగుతవుతుంది. చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. ఏ ఇద్దరి కాళ్లూ ఒకేలా ఉండవు. ప్రతిసారీ కాలికి పట్టీ తడిపి చుట్టి అచ్చు తీసి, మళ్లీ చేతితో పొరలు పేర్చాలంటే ఎందరికి అందుతుంది? ప్రింటర్ పోగు నేర్చుకోవడం వల్ల నిజంగా మేలు జరగాల్సింది ఇక్కడ. కాలిని స్కాను చేయడం నిమిషాల పని. కంప్యూటరులో కొలత సవరించి, మడమ దగ్గర, మోకాలి దగ్గర పోగు దట్టించి ముద్రిస్తే చాలు. వచ్చే ఏడు అదే బొమ్మను కాస్త పెంచుకోవచ్చు. కృత్రిమ కాళ్ల తొడుగులకు స్కానింగూ ప్రింటింగూ వాడటం ఇప్పటికే మొదలైంది. అలాగని తొందరపడకూడదు. రోజుకు కొన్ని వేల అడుగులు వేసే కాలి కింద పొర విడిపోతే పడేది మనిషి. తేలికగా ఉంటే సరిపోదు, విరగదని పరీక్షించి చెప్పగలగాలి. రెండోది, నిండు పోగు వాడే యంత్రాలూ ముడిసరుకూ ఇంకా ఖరీదే. విమానాల కోసం దిగివచ్చిన విద్య జిల్లా ఆస్పత్రి దాకా రావాలంటే ఇంజినీరుకు తోడు ప్రభుత్వం కూడా పూనుకోవాలి.

హైదరాబాదుకు ఈ విద్య కొత్త కాదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్, మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసిన తొలి రాకెట్. హైదరాబాదు కంపెనీ స్కైరూట్ దాన్ని చేసింది. ఒంటికి కార్బన్ మిశ్రమ పదార్థం వాడారు. రాకెట్‌ను తిప్పి నిలకడగా ఉంచే చిన్న ఇంజన్లను త్రీడీ ప్రింటింగ్‌తో చేశారు. అంటే రెండు విద్యలూ ఒకే రాకెట్‌లో పక్కపక్కన కూర్చున్నాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే తరువాయి.

మళ్లీ కరుగుతుందా?

రెజిన్‌లో పొదిగిన పాత రకం మిశ్రమ పదార్థానికి ఒక శాపం ఉంది. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, ఉడికిన గుడ్డు మళ్లీ ద్రవం కానట్టు. కాలం చెల్లిన గాలిమరల రెక్కలను ఏం చేయాలో తెలియక చాలా దేశాల్లో పాతిపెట్టిందీ అందుకే. ప్రింటర్లలో ఎక్కువగా వాడేది కరిగించగల ప్లాస్టిక్ కాబట్టి, పొడి చేసి మళ్లీ వాడుకునే వీలుంది. మెయిన్ విశ్వవిద్యాలయం 2022లో కార్బన్ కూడా వదిలేసి, కొయ్య పీచూ చెట్ల నుంచి తీసిన రెజిన్లూ కలిపి 600 చదరపు అడుగుల ఇల్లు ముద్రించింది. 2024లో అదే చోట 96 అడుగుల పొడవు వస్తువును ముద్రించగల యంత్రం పెట్టారు. కొండపల్లి మక్కు పెద్దదై ఇల్లు కట్టినట్టే కదూ!

ఇంట్లో ప్రయోగం

చాలా బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబుల పుణ్యమా అని త్రీడీ ప్రింటర్లున్నాయి. మీ పిల్లల బడిలో ఉంటే కార్బన్ కలిపిన తీగ వాడే ముందు రెండు జాగ్రత్తలు చెప్పండి. ఒకటి, ఆ పోగు ఆకురాయిలా ఇత్తడి నాళాన్ని అరగదీస్తుంది, గట్టి ఉక్కు నాళం వేయాలి. రెండు, ముక్కను ఉప్పుకాగితంతో రుద్దితే లేచే పొడి చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. మాస్కూ చేతి తొడుగులూ తప్పనిసరి.

ప్రింటర్ లేకపోయినా ఫర్వాలేదు. మైదాపిండి ఉడికించి లై చేయండి. ప్లాస్టిక్ కాగితం మీద పల్చగా పూసి, పది పదిహేను నూలు దారాలను పక్కపక్కనే ఒకే దిక్కుకు పరవండి. పైన ఇంకో పూత పూసి ఎండబెట్టండి. ఆరాక దారాల వెంబడి లాగమనండి, పిల్లల వల్ల కాదు. అడ్డంగా లాగమనండి, ఇట్టే చీలుతుంది. ఇప్పుడు ఇంకోటి చేసి, దాని మీద రెండో వరస దారాలను అడ్డంగా పరవండి. ఈసారి రెండు వైపులా నిలుస్తుంది. చివరగా, ఆ రెండు పొరలనూ అంచు దగ్గర గోటితో పట్టి విడదీయమనండి. అక్కడ మళ్లీ వట్టి లై తప్ప దారం లేదని వాళ్లకే తెలిసిపోతుంది. ఆ రెండు పొరల మధ్యకు కూడా దారం ఎలా ఎక్కించాలో ఆలోచించమనండి. పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇవాళ కుస్తీ పడుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే.